హోటల్ యాప్ చేస్తానంటున్నాడా? ముందు పార్సిల్ కౌంటర్లో నిలబెట్టండి

ప్రశ్న: నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర్లో మాకు మీల్స్ హోటల్ ఉంది. మా వాడు ఇక్కడే బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడు చదువుతున్నాడు. హోటళ్లలో ఫోన్ మీదే ఆర్డర్ ఇచ్చే యాప్ డిజైన్ చేస్తానని, అదే తన కెరీర్ అని అంటున్నాడు. రాత్రుళ్లు ఫోన్ స్క్రీన్ల బొమ్మలు గీస్తూ కూర్చుంటాడు. హైదరాబాద్‌లో యూఎక్స్ డిజైన్ (యాప్ వాడేవాళ్లకు సులువుగా ఉండేలా స్క్రీన్లు రూపొందించడం) కోర్సుకు లక్షన్నర కావాలంటున్నాడు. తోటి పిల్లలంతా క్యాంపస్ సెలక్షన్లకు కోడింగ్ నేర్చుకుంటుంటే మాకు టెన్షన్‌గా ఉంది. డబ్బు కట్టమంటారా, మాన్పించమంటారా?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: రెండూ వద్దండి. ఆ కోర్సుల్లో ముఖ్యంగా నేర్పేది ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్. విద్యార్థులకు దాన్ని ఉచితంగానే ఇస్తారు. అందులో పెట్టెలు గీయడం, రంగులు నింపడం నెల తిరక్కుండా చేతికొస్తుంది. హోటల్ ఎలా నడుస్తుందో తెలియడమే కష్టం. ఆ చదువు మీ అబ్బాయికి సొంత గల్లాపెట్టె దగ్గరే దొరుకుతుంది, ఫీజు లేకుండా.

ముందు అతను గీసిన స్క్రీన్లు ఒకసారి అడిగి చూడండి. నా దగ్గరికి పిల్లలు తెచ్చేవాటిలో ఎక్కువ భాగం స్విగ్గీ, జొమాటోలకు రంగు మార్చిన నకళ్లే. పైన ఆఫర్ బ్యానరు, కింద బర్గరు ఫోటో. మీ హోటల్లో బర్గరెక్కడిది? మీల్స్‌కు కూర్చున్నాయన మారు సాంబారు కావాలంటే చెయ్యెత్తుతాడు, సప్లయరు బకెట్‌తో వస్తాడు. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, ఎడమ చేత్తో ఫోన్ తీసి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి సాంబారు ఒకటి అని నొక్కే మనిషి నెల్లూరులో ఇంకా పుట్టలేదు. కాబట్టి టేబుల్ దగ్గర మీకు యాప్ అక్కర్లేదు. అక్కరున్నది పార్సిల్ కౌంటర్లో. ఆదివారం ఒంటిగంటకు చేపల పులుసు పార్సిళ్ల కోసం నిలబడ్డ జనం, 'నాదేమైందయ్యా' అన్న కేకలు, వాళ్ల మధ్యలో హెల్మెట్ తీయకుండా నిలబడ్డ డెలివరీ కుర్రాడు... ఇదంతా మీకు నేను చెప్పాలా!

ఆ కౌంటర్లో అబ్బాయిని వరసగా కొన్ని ఆదివారాలు నిలబెట్టండి. ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి, చేతిలో నోట్‌బుక్‌తో రమ్మనండి. వచ్చినవాళ్లు మొదట అడిగేది 'ఈరోజు ఏముంది?' అని. మెనూ బోర్డు ఎదురుగా ఉన్నా అదే అడుగుతారు, ఎందుకంటే బోర్డు మీదున్నవన్నీ పొయ్యి మీద ఉండవని వాళ్లకు తెలుసు. ఆ తర్వాత ముక్కలెన్ని, తలకాయ ఉందా, పులుసు కాస్త ఎక్కువ పోయిస్తావా. ఇవన్నీ స్క్రీన్ మీదకు ఎలా వస్తాయో ఆలోచించడమే డిజైన్.

అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇంకోటుంది. రెండు గంటలకు కొర్రమీను అయిపోతే ఆ సంగతి యాప్‌కు ఎవరు చెప్పాలి? మాస్టరు చేతులకు మసాలా. ఆయన ఫోన్ ముట్టడు. ఆయన లోపలినుంచి కేకేస్తే గల్లాలో ఉన్నాయన ఒక్క నొక్కుతో ఆ ఐటమ్ ఆపేయగలగాలి. అది కుదరకపోతే గిన్నెలో లేని చేపకు యాప్ డబ్బులు తీసుకుంటూనే ఉంటుంది. వాపసు పంపడం, తిట్లు తినడం మీ వంతు. వేలితో నొక్కే చోటు కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద వాడే కొలత), అంటే సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ డిజైన్ సూచనల్లో ఉంటుంది. హడావిడిలో ఉన్న గల్లా మనిషికి అదీ చాలదు, ఇంకా పెద్దది పెట్టమనండి.

వంటింట్లోకి వెళ్లే స్లిప్పు తెలుగులో ఉండాలి. ఇక్కడ చాలామంది డిజైనర్లు దొరికిపోతారు. ఇంగ్లిషుకు సరిపోయే వరసల ఎడంలోనే తెలుగు పెడితే కింద ఒత్తులు తెగుతాయి. బొమ్మిడాయిల్లో మ ఒత్తు, కొర్రమీనులో ర ఒత్తు సగమే కనపడతాయి. ఈ ఒక్కటి సరిచేసి, ముందూ వెనకా ఎలా ఉందో పక్కపక్కన చూపిస్తే ఇంటర్వ్యూలో పది రంగుల స్క్రీన్ల కంటే ఎక్కువ పలుకుతుంది.

మొదటి రోజే ప్లే స్టోర్ వైపు పరుగెత్తొద్దనండి. సొంత పేరుతో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లు 25 డాలర్ల ఫీజు కట్టడమే కాక, కనీసం 12 మందితో వరసగా 14 రోజులు యాప్‌ను పరీక్షింపజేయాలి. అదంతా చేసినా, ఒక్క పులుసు పార్సిల్ కోసం ఎవరు యాప్ దించుకుంటారు? కౌంటర్ దగ్గర క్యూఆర్ అంటించి, స్కాన్ చేస్తే వెబ్ పేజీ తెరుచుకునేలా చేస్తే చాలు. ఐటమ్ ఎంచుకోవడం, యూపీఐలో కట్టడం, టోకెన్ నంబరు రావడం. జొమాటో కూడా 2008లో ఫుడీబే పేరుతో మొదలైనప్పుడు ఆర్డర్లు తీసుకోలేదు, హోటళ్ల మెనూ కార్డులు నెట్‌లో పెట్టిందంతే.

ఒక్క జాగ్రత్త. ఇది వస్తే సప్లయర్లను తగ్గించుకోవచ్చన్న మాట ఇంట్లో కూడా అనకండి. అది వాళ్ల చెవిన పడిన రోజే టోకెన్లన్నీ తారుమారవుతాయి.

ఇక ఉద్యోగం సంగతి. స్క్రీన్లు, వాటి నడక ఆలోచించే డిజైనర్ పని వేరు, దాన్ని కోడ్‌లో కట్టే డెవలపర్ పని వేరు. ఒక కంపెనీలో డెవలపర్లు చాలామంది ఉంటే డిజైనర్లు కొద్దిమందే ఉంటారు. మన వైపు కాలేజీలకు వచ్చే కంపెనీలు ప్రధానంగా చూసేది కోడింగే. కాబట్టి మీ టెన్షన్‌లో అర్థముంది. రోజూ రెండు గంటలు ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు మానకూడదన్నది మీ షరతుగా పెట్టండి. పార్సిల్ పేజీని తనే కోడ్ చేయమనండి. అప్పుడు రెండు దారులూ తెరిచి ఉంటాయి. దీన్నే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఇవ్వొచ్చేమో గైడ్‌ను అడగమనండి. బయట డబ్బులిచ్చి ప్రాజెక్టు కొనే పిల్లల మధ్య నిజంగా నడుస్తున్న ప్రాజెక్టు ఉంటే ఆ తేడా ఎవరికైనా కనిపిస్తుంది.

డిజైనర్ ఉద్యోగాలకు మార్కుల మెమో కంటే పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల నమూనాలు చూస్తారు. అందులో ఇరవై ప్రాజెక్టులు అక్కర్లేదు. ఈ ఒక్కదాన్ని మొదటి ఆదివారం నోట్‌బుక్ పేజీ ఫోటో దగ్గర్నుంచి, జనం ఎక్కడ తికమకపడ్డారో, దాంతో ఏం మార్చాడో వివరంగా పెడితే సరిపోతుంది.

ఏడాది తర్వాత కూడా ఇదే పట్టుదల ఉంటే, లక్షన్నర కోర్సు కంటే ఎండెస్ (డిజైన్‌లో పీజీ డిగ్రీ) మేలు. దానికి ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ (CEED) ప్రవేశ పరీక్ష రాయాలి. బీటెక్ నాలుగో ఏడులో ఉండగానే రాయొచ్చు. కంప్యూటర్ మీద రాసే భాగంతో పాటు చేత్తో బొమ్మలు గీసి ఆలోచన చూపించే భాగం కూడా ఉంటుంది. పరీక్ష జనవరిలో, దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో. ఐఐటీ హైదరాబాద్‌లో ఎండెస్‌కూ ఈ స్కోరే అడుగుతారు. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది కాబట్టి, చేరాలనుకున్న సంవత్సరమే రాయించండి.