950 మార్కుల పిల్లాడికి ఎం1 బ్యాక్‌లాగ్: ట్యూషనా, సీనియర్ల దగ్గర పీర్ కోచింగా?

ప్రశ్న: సర్, మా బాబు సిటీలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ సెకండ్ ఇయర్. ఇంటర్ ఎంపీసీలో 1000కి 950 దాటాయి. ఫస్ట్ ఇయర్‌లో ఎం1 (మ్యాథ్స్ మొదటి పేపర్), సీ ప్రోగ్రామింగ్ రెండూ పోయాయి. కాలేజీలో థర్డ్ ఇయర్ వాళ్ళు సాయంత్రాలు పీర్ కోచింగ్ ఇస్తున్నారట, వీడేమో అది సప్లీ (ఫెయిలైన సబ్జెక్టు మళ్ళీ రాసే పరీక్ష) బ్యాచ్‌కి, నేను పోను అంటున్నాడు. మావారు అమీర్‌పేటలో ట్యూషన్ పెట్టిద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు? (ఒక తల్లి, నిజాంపేట)

జవాబు: అమ్మా, ట్యూషన్ ఫీజు ఇప్పుడే కట్టకండి, ముందు పీర్ కోచింగ్‌కి పంపండి. ఎందుకో చెప్తాను.

950 తెచ్చుకున్న పిల్లాడికి ఎం1 పోయిందంటే తెలివి ఎక్కడికీ పోలేదు, బద్ధకం అని కూడా అప్పుడే అనెయ్యకండి. మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీల్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్సే, వారం వారం ఎగ్జామ్, పక్కనే నిలబడే లెక్చరర్, ఈరోజు ఏ చాప్టర్ చదవాలో కూడా వాళ్ళే చెప్తారు, రెండేళ్ళు అలా నడిచిన పిల్లాడు బీటెక్‌కి రాగానే అడిగేవాడే ఉండడు. సెమిస్టర్ మొదట్లో అంతా ఖాళీగానే అనిపిస్తుంది, ఫస్ట్ మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే మొదటి పరీక్ష) ముందు రాత్రి ఎవడో వాట్సాప్‌లో పంపిన ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పట్టుకుని కూర్చుంటాడు, అక్కడే దెబ్బ పడుతుంది. సొంతంగా ఎలా చదవాలన్నది వాడికి ఎవరూ నేర్పలేదమ్మా. ట్యూషన్ పెడితే మళ్ళీ ఇంకొకరు నోట్స్ ఇచ్చి చదివిస్తారు, ఈ సప్లీ గట్టెక్కుతాడేమో, వచ్చే సెమిస్టర్‌లో మళ్ళీ ఇదే కథ.

ఇక సప్లీ బ్యాచ్ అన్న మాట. ఆ ఫీలింగ్ తేలిగ్గా తీసుకోవద్దు, 950 వచ్చిన పిల్లాడికి అది నిజంగా గుచ్చుకుంటుంది. కానీ ఈ పద్ధతి పుట్టింది అలా కాదని వాడికి చెప్పండి. అమెరికాలో కాన్సాస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీలో 1973లో ఇలాంటిది మొదలుపెట్టినప్పుడు వీక్ స్టూడెంట్స్‌ని ఏరలేదు, ఎక్కువ మంది ఫెయిలయ్యే సబ్జెక్టుల్ని ఏరారు. అంటే కష్టమైనది సబ్జెక్టు, దానికి అందరూ రావచ్చు, అంతకుముందు ఆ కోర్సు బాగా పాసైన స్టూడెంటే నడిపేవాడు. బర్కిలీలో యూరీ ట్రైస్మన్ అనే ఆయన 1970ల్లో కాలిక్యులస్‌లో వెనకబడ్డ నల్లజాతి స్టూడెంట్స్‌ని దగ్గరగా గమనించాడు, వాళ్ళు కష్టపడి చదివేవాళ్ళే, స్కూల్లో మంచి మార్కులు వచ్చినవాళ్ళే, కాకపోతే రూమ్‌లో ఒక్కళ్ళే కూర్చుని చదివేవాళ్ళు. బాగా చేస్తున్న చైనీస్ స్టూడెంట్స్ సాయంత్రం కూడి ఒకరి లెక్క ఒకరు చూసుకునేవాళ్ళు. ఆయన పెట్టిన గ్రూపుల్లో తేలిక లెక్కలు ఇవ్వలేదు, ఇంకా కష్టమైనవి ఇచ్చి కలిసి చెయ్యమన్నాడు, రిజల్ట్స్ మారాయి. మీ బాబు కూడా తలుపేసుకుని ఒక్కడే చదువుతున్నాడా, ఒకసారి చూడండి.

మంచి సెషన్ ఎలా ఉంటుందో చెప్తాను, అప్పుడు మీరే పోల్చుకోగలరు. ఎం1లో మ్యాట్రిక్స్ ర్యాంక్ లెక్క అనుకోండి, అంటే ఇచ్చిన ఈక్వేషన్లలో నిజంగా కొత్త విషయం చెప్పేవి ఎన్ని అని. x+y+z=6, x+2y+3z=14, 2x+3y+4z=20 అని మూడు ఈక్వేషన్లు. మీవాడు రో ఆపరేషన్స్ గబగబా చేసేసి ర్యాంక్ 2 అని రాసేస్తాడు, ఇంటర్ ప్రాక్టీస్ అలాంటిది. సీనియర్ అక్కడ వెరీగుడ్ అని వదిలెయ్యకూడదు, మూడు ఈక్వేషన్లు ఉంటే ర్యాంక్ రెండే ఎందుకొచ్చింది రా అని అడగాలి, అడిగి ఊరుకోవాలి. కాసేపు తల గోక్కుని, మొదటి రెండూ కూడితే మూడోది వచ్చేస్తోంది కదన్నా, అందులో కొత్తగా చెప్పేదేమీ లేదు అని మీవాడి నోటితో వాడే అంటాడే, అప్పుడు ఆ చాప్టర్ వాడిదైనట్టు. సీ ప్రోగ్రామ్ అయినా అంతే, రన్ కొట్టేముందు లూప్ తిరిగే కొద్దీ i ఎంత, sum ఎంత అని పేపర్ మీద వేయించాలి. అలా కాకుండా సీనియర్ బోర్డు మీద తనే లెక్కలన్నీ చేసేసి పీడీఎఫ్ ఫార్వర్డ్ చేస్తుంటే అది ఉచిత ట్యూషన్, అంతకన్నా ఏమీ కాదు.

అందుకే ఇంటికొచ్చాక ఏం చెప్పారు అని అడక్కండి, నువ్వేం అడిగావు అని అడగండి.

మార్కుల సంగతి కూడా చూసుకోండి. జేఎన్‌టీయూ ఆర్22 రూల్స్ (2022లో చేరిన బ్యాచ్‌తో మొదలైనవి) అయితే ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60, ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21 రావాలి, రెండూ కలిపి కనీసం 40 రావాలి. సప్లీ రాసినప్పుడు మామూలుగా పాత ఇంటర్నల్సే ఉంటాయి కాబట్టి వాడికి అక్కడ 16 ఉంటే 21 సరిపోదు, 24 తేవాలి. అటానమస్ (సొంతంగా పరీక్షలు పెట్టుకునే) కాలేజీ అయితే లెక్క వేరేగా ఉండొచ్చు, ఎగ్జామ్ బ్రాంచ్‌లో కనుక్కోమనండి. ఈ లెక్క మొదటి రోజే సీనియర్ ముందు పెడితే దేనికి ఎంత టైమ్ ఇవ్వాలో ఇద్దరూ కలిసి ప్లాన్ వేసుకోవచ్చు.

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సాయంత్రం ఆగితే కాలేజీ బస్సు వెళ్ళిపోతుంది, చాలామంది పిల్లలు మానేసేది ఇందుకే. ఆ రోజులకి ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసివ్వండి, లేట్‌గా వచ్చాడని కేకలెయ్యకండి. సీనియర్ ఎవరైనా డబ్బులడిగితే మాత్రం వెంటనే హెచ్‌ఓడీకి చెప్పండి.

ఇంకొకటి, వాడు సరిగ్గా నిద్రపోకపోయినా, తిండి తగ్గించినా, ఎవరితో మాట్లాడకుండా ఉన్నా అది సీనియర్ మోయాల్సిన బరువు కాదు. కాలేజీ కౌన్సెలర్‌ని కలవండి, టెలీ మానస్ 14416కి కాల్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అలాంటిది కనిపిస్తే బ్యాక్‌లాగ్ సంగతి తర్వాత చూసుకుందాం.

మీవారితో చెప్పండి, ఫస్ట్ మిడ్ దాకా ఆగమని. అప్పటికి వాడు సీనియర్‌ని కలుస్తూ, ఇంకో ఇద్దరు ముగ్గురితో కూర్చుని చేస్తూ ఉండి కూడా కాలిక్యులస్ యూనిట్లు అస్సలు కదలకపోతే ఆ ఒక్క సబ్జెక్టుకి ట్యూషన్ పెట్టండి, సీ ప్రోగ్రామింగ్‌కి మాత్రం వద్దు, అది సీనియర్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని చేస్తేనే వస్తుంది.