మూడు నెలల మూడు వారాల మూడు రోజులు దాటినా పంది ఈనలేదంటే...

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఏలూరు జిల్లా. ఆరు సంకరజాతి ఆడపందులను నాలుగు నెలల కిందట దాటించాం. 21 రోజులకు ఒక్కటీ మళ్లీ ఎదకు రాలేదు, చన్నులు కూడా కాస్త లావెక్కాయి. చూడి నిలిచిందనుకున్నాం. 125 రోజులు దాటాయి, ఒక్కటీ ఈనలేదు. పైగా రెండున్నర నెలల ఆడపిల్లలకు ఎదకొచ్చినట్టు మానం ఎర్రగా వాచింది. దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. దాటించడానికి ముందు, వానకు తడిసిన సరుకు చవగ్గా వస్తే కొని, ఎండబెట్టి మర పట్టించాం. పందులను కోతకు అమ్మేయమని అందరూ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మే ఆలోచన ప్రస్తుతం పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నా దృష్టి మొదట పడింది పెద్ద పందుల మీద కాదు, ఆ పిల్లల మీద. రెండున్నర నెలలకు ఎద రాదు. అయినా మానం వాచిందంటే ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ లాంటి పని చేసే పదార్థం ఏదో కడుపులోకి పోతోందన్నమాట. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు గట్టి అనుమానం ఆ తడిసిన మొక్కజొన్న మీదే.

తేమ ఆరని గింజల్లో ఫ్యూజేరియం అనే బూజు పెరుగుతుంది. ముసురు, చల్లటి రాత్రులు దానికి కలిసొస్తాయి. అది తయారుచేసే విషం పేరు జియరలెనోన్. ఇది హార్మోన్ కాదు, కానీ గర్భసంచిలో ఈస్ట్రోజన్ అతుక్కునే చోటే అతుక్కుని దాని పనే చేస్తుంది. పంది కాలేయం దీన్ని ఇంకా బలమైన రూపంలోకి మారుస్తుంది. అందుకే పశువులన్నిటిలో పందికే దెబ్బ ఎక్కువ. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో బూజు మొక్కజొన్న తిన్న పందుల్లో ఇదే వాపు కనిపించిందని 1928లోనే పశువైద్యులు రాశారు.

ఇక చూలు సంగతి. దాటించాక మూడు నాలుగు రోజుల్లో పిండాలు గర్భసంచిలోకి దిగుతాయి. కానీ వెంటనే అతుక్కోవు, కొన్ని రోజులు అందులోనే అటూ ఇటూ కదులుతుంటాయి. 11, 12 రోజులకు అవే ఈస్ట్రోజన్ విడుదల చేస్తాయి. మేం లోపల ఉన్నామని తల్లికి అవి పంపే కబురు అది. కబురు అందితే అండాశయం మీది కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ కరగకుండా నిలబడి, చూలును కాపాడే ప్రొజెస్టిరాన్‌ను ఇస్తూ ఉంటుంది. అందకపోతే అది కరిగిపోయి, 21 రోజులకు పంది మళ్లీ ఎదకు వస్తుంది.

జియరలెనోన్ సరిగ్గా ఇక్కడే దెబ్బ తీస్తుంది. దాటించిన 7 నుంచి 10 రోజుల మధ్య ఎక్కువ మోతాదులో తిన్న పందుల్లో పిండాలు చనిపోతాయని ప్రయోగాల్లో తేలింది. పిండాలు పంపాల్సిన కబురును మాత్రం ఈ విషమే పంపేస్తుంది. కడుపులో ఏమీ లేకపోయినా ఒళ్లు చూడే అనుకుంటుంది. ఎద ఆగిపోతుంది, చన్నులు లావెక్కుతాయి. ఇందులో మీ తప్పేమీ లేదండీ. ఎదకు రాకపోతే చూడి కిందే లెక్క అని పెద్దవాళ్ల దగ్గర మనమందరం నేర్చుకున్నదే.

ఈ పూట నుంచే ఆ దాణా ఆపేయండి. ఎండబెట్టాం కదా అంటారేమో. ఎండకు బూజు ఆగుతుంది గానీ, అప్పటికే గింజలో చేరిన విషం పోదు. ఉడకబెట్టినా నమ్మడానికి లేదు. మంచి మొక్కజొన్నలో కొంచెం కొంచెం కలిపి వాడేద్దామన్న ఆలోచన కూడా వద్దు. ఐరోపా దేశాల్లో పిల్లలకు, ఇంకా ఈనని పడుచు పందులకు పెట్టిన పరిమితి టన్ను దాణాకు 0.1 గ్రాము మాత్రమే, తల్లి పందులకు 0.25 గ్రాము. విషాన్ని పట్టి ఉంచే టాక్సిన్ బైండర్ కలిపితే చాలని దుకాణంలో చెబుతారు. బెంటోనైట్ మట్టితో చేసినవి మరో బూజు విషమైన అఫ్లాటాక్సిన్‌ను బాగానే పడతాయి గానీ, జియరలెనోన్‌ను అంతగా పట్టవు. వృథా అవుతోందని చూడి గేదెలకు తిప్పకండి. గేదె పందికన్నా తట్టుకుంటుంది, నిజమే, కానీ అదే బూజు ఇతర విషాలనూ తయారుచేస్తుంది.

పారేసే ముందు నాలుగైదు బస్తాల నుంచి, పైన, మధ్యన, అడుగున తీసి కలిపి కిలో నమూనా కాగితపు సంచిలో ఉంచండి. మీ పశువైద్యుడి ద్వారా పరీక్షకు పంపించండి. పార్వోవైరస్, లెప్టోస్పైరోసిస్, బ్రూసెల్లోసిస్ లాంటి అంటురోగాలు ఉన్నా చూలు పోతుంది కాబట్టి పెద్ద పందుల రక్తం కూడా పరీక్ష చేయించాలి. వాటివల్ల పిల్లల మానం వాచదు, అందుకే నా అనుమానం దాణా మీద.

స్కానింగ్‌లో కడుపు ఖాళీ అని తేలితే, దాణా మార్చాక డాక్టర్ ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ ఇస్తారు. కార్పస్ లూటియం కరిగి సాధారణంగా వారం లోపు పంది ఎదకు వస్తుంది. స్కానింగ్ లేకుండా ఈ ఇంజెక్షన్ వేయించకండి, నిజంగా చూడి ఉంటే పడిపోతుంది. ఇంట్లో గర్భిణులు ఆ మందును ముట్టుకోకూడదు. తర్వాత దాటించినప్పుడు 21, 42 రోజులకు మగపందిని దగ్గరకు తెచ్చి చూడండి, నెల దాటాక స్కానింగ్ చేయించండి.

పిల్లల వాపు దాణా మారిస్తే వారం పది రోజుల్లో తగ్గుతుంది. ముక్కి ముక్కి మానం గానీ మలద్వారం గానీ బయటికి జారితే మాత్రం ఆగకండి. మిగతా పందులు దాన్ని కొరికేస్తాయి. ఆ పిల్లను వేరుచేసి, జారిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డతో కప్పి, వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.