తొడ మీద సెగ గడ్డ మళ్లీ మళ్లీ వస్తుంటే

రెండు నెలల్లో తొడ మీద ఇది మూడో సెగ గడ్డ, మామిడిపండ్లు తిని వేడి చేసిందా అని ఒకరు అడిగారు, రోజూ జీన్స్‌తో గంటసేపు బండి మీద వెళ్తారట. వేడి చేసి కాదండీ, మామిడిపండ్ల తప్పేం లేదు. ఇలాంటివి చాలావరకు స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా పనే. వెంట్రుక కుదురులోకి దిగుతుంది. హైదరాబాద్ ఎండలో జీన్స్‌తో రోజూ గంటసేపు బండి మీద అంటే చెమట, రాపిడి దానికి దారి చేస్తాయి.

1. చర్మం ఓర్చుకునేంత వేడి నీళ్లలో ముంచిన గుడ్డతో 10-15 నిమిషాలు కాపడం, రోజుకు 3-4 సార్లు. చల్లారితే మళ్లీ ముంచాలి.

2. పిసకొద్దు, సూదితో గుచ్చొద్దు. తనంతట తాను పగిలితే కడిగి, గాజు గుడ్డతో కప్పండి.

3. అందరూ మర్చిపోయేది ఆ కాపడం గుడ్డనే. పిండేసి బాత్రూమ్ కొక్కేనికి తగిలిస్తాం, సాయంత్రం మళ్లీ అదే. పక్కనే ఇంటిల్లిపాదీ వాడే టవల్! మా ఇంట్లో నా తర్వాత తమ్ముడికి లేచింది. ప్రతిసారీ ఉతికిన గుడ్డ తీయండి. వాడినవి, టవల్, లోదుస్తులు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. రేజర్ ఎవరికీ ఇవ్వొద్దు. ముక్కులో వేలు పెట్టే అలవాటుంటే మానండి, ఈ బ్యాక్టీరియా చాలామందికి అక్కడే ఉంటుంది.

4. మూడోసారి కాబట్టి షుగర్ టెస్ట్ చేయించండి, షుగర్ ఉన్నా ఇలా మళ్లీ మళ్లీ లేస్తాయి. బస్తీ దవాఖానాకు (కాలనీల్లో ఉండే ప్రభుత్వ చిన్న ఆసుపత్రి) వెళ్తే ఉచితం.

జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకినా, మొహం మీద లేచినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగొద్దు. పెద్ద గడ్డయితే డాక్టరే కోసి చీము తీయాల్సి రావచ్చు.