ఫోన్‌లో "ఎక్కండి" అంటే చెట్టెక్కాడు, చెయ్యి పోయింది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడు చెట్లు కొట్టే పనికి వెళ్తాడు. ఒక ఇంటాయన కొమ్మలు కొట్టమని పిలిచాడు. పక్కనే కరెంటు లైన్ ఉందని లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే "తీసేశాం, ఎక్కండి" అన్నాడు. కోసిన కొమ్మ 11 కేవీ తీగకి తగిలి షాక్ కొట్టింది, కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఎనిమిది నెలలైంది. లైన్‌మన్ ఇప్పుడు నేను అనలేదంటున్నాడు. తీగ తెగి మీద పడిందని రాస్తే పరిహారం తొందరగా వస్తుందని తెలిసినాయన చెప్పాడు, అలా రాయొచ్చా? మిగతా కొమ్మలు కూడా కొట్టేస్తే పాత కూలీ కలిపి ఇస్తానంటున్నాడు ఇంటాయన.

జవాబు: తేలాల్సింది ఒక్కటే, ఆ టైంలో ఆ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ 11 కేవీ లైన్) ఆపారా లేదా, ఆపకపోతే ఎక్కమన్నది ఎవరు.

ఎందుకంటే కరెంటు సరఫరా చేసేవాళ్ల నిర్లక్ష్యం రుజువు కాకపోయినా బాధ్యత వాళ్లదేనని 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది రోడ్డు మీద పడున్న తీగ వల్ల చనిపోయిన మనిషి కేసు. మీ దగ్గర కొమ్మ తీగ మీదకి వెళ్లింది, కాబట్టి "తప్పు అతనిదే" అని కంపెనీ కచ్చితంగా అంటుంది. దానికి మీ జవాబు ఆ ఫోన్ కాలే. మరి ఆ కాల్ సంగతి ఎనిమిది నెలల్లో ఎక్కడా ఒక్క కాగితం మీద పెట్టలేదా? ఇది మామూలు అశ్రద్ధ కాదు.

ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పని చేసుకోమని ఇచ్చే అనుమతి) ఇస్తే సబ్‌స్టేషన్ లాగ్ బుక్‌లో టైంతో సహా రాయాలి. ఫీడర్ ట్రిప్ అయితే, అంటే దానంతట అదే ఆగిపోతే, ఆ టైం కూడా అందులోనే ఉంటుంది. కాల్ టైం, ట్రిప్ టైం పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు అబద్ధమాడుతున్నారో చాలావరకు తెలిసిపోతుంది. ఆ రోజు లాగ్ బుక్ పేజీల కాపీ కోసం ఇవాళే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 161 కింద ప్రమాదం సంగతి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి తెలియజేశారా, ఎంక్వైరీ రిపోర్ట్ ఉందా అని కూడా అడగండి. తమ్ముడి ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు, కాల్ రికార్డింగ్ ఉంటే అదే ఫోన్‌లో అలాగే ఉంచండి.

తీగ తెగిందని మాత్రం రాయొద్దు. హాస్పిటల్ కేస్ షీట్‌లో మొదటి రోజే చెట్టు కొడుతుంటే షాక్ అని రాసుంటారు. తెగిన తీగని మళ్లీ కలిపితే జాయింట్ కనపడుతుంది, అక్కడ జాయింటే లేదని ఇన్‌స్పెక్టర్ చెప్పిన రోజున మీ నిజమైన ఫోన్ కాల్‌ని కూడా జడ్జి నమ్మడు. పైగా కోర్టులో అబద్ధపు సాక్ష్యం నేరం, పరిహారం కోసం వెళ్లి మీరే ముద్దాయిలవుతారు.

గడువు విషయం. ఇలాంటి దావాకి మామూలుగా మూడేళ్లు అంటారు గానీ, లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ చూపించి ఏడాదే అని కంపెనీ వాదించొచ్చు. ఆ గొడవే లేకుండా ఏడాది దాటకముందే వేసేయండి, అంటే మీకున్నది నాలుగు నెలలు. హైకోర్టులో రిట్ (నేరుగా హైకోర్టుకే పెట్టుకునే పిటిషన్) వేద్దామని ఎవరైనా అంటే ఆగండి, ఎక్కమన్నాడా లేదా అన్న వాస్తవం మీదే గొడవ ఉన్నప్పుడు రిట్ సాధారణంగా నిలవదు.

ఇక మిగిలిన కొమ్మలు, ఎవరూ ఎక్కొద్దు. 11 కేవీ తీగకి పైన తొడుగు ఉండదు, చెయ్యి తగలక్కర్లేదు, దగ్గరకి వెళ్తేనే లాగుతుంది, పచ్చి కొమ్మలోంచి, తడి తాడులోంచి, దోటిలోంచి కూడా కరెంటు వస్తుంది, కింద తాడు పట్టుకున్నవాడు కూడా పోతాడు. కరెంటు పోయినట్టు కనపడినా ట్రిప్ అయిన లైన్‌ని ఏ క్షణంలోనైనా మళ్లీ చార్జ్ చేస్తారు. ఏబీ స్విచ్ (స్తంభం దగ్గర లైన్ ఆపే స్విచ్) మీరే లాగేయడం ఇంకా ప్రమాదం, నేరం కూడా. ఇంటాయన చేత సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ పెట్టించండి. వాళ్లు ఎల్సీ తీసుకుని, స్విచ్ తెరిచి తాళం వేసి, పని జరిగే చోటుకి రెండు వైపులా లైన్‌కి ఎర్త్ కట్టి, మనిషి దగ్గరుండి చూపించాకే ఎవరైనా ఎక్కాలి. పాత కూలీ తమ్ముడికి రావాల్సిన డబ్బే, దానికి కొత్త పనితో ముడిపెట్టనివ్వొద్దు, ఇస్తానని ఏ కాగితం మీదైనా సంతకం అడిగితే చదివించకుండా పెట్టొద్దు.

వైకల్యం సర్టిఫికెట్ తీసుకోండి. వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, లాయర్ ఫీజు మీరు కట్టక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి పర్మనెంట్ లోక్ అదాలత్‌లో వేయడం గురించి అడగండి. విద్యుత్ సరఫరా దాని పరిధిలోకి వస్తుంది, కోర్టు ఫీజు లేదు, రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు కూడా ఇవ్వగలరు. వెళ్లేటప్పుడు కేస్ షీట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఎఫ్ఐఆర్ ఉంటే దాని కాపీ, ఆ చెట్టూ లైనూ రెండూ ఒకే ఫ్రేమ్‌లో కనపడేలా కింద నుంచి తీసిన ఫోటోలు పట్టుకెళ్లండి.