ఒంట్లో సత్తువ ఎంతుందో ఇంట్లోనే చూసుకోవడం, మొదలుపెట్టిన వ్యాయామం ఆగకుండా చూసుకోవడం

మీరు అడిగింది ఇదీ: "నాకు 44 ఏళ్ళు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. నేను ఫిట్‌గా ఉన్నానో లేదో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా? వాకింగ్ మొదలుపెట్టినప్పుడల్లా రెండు వారాలకే ఎందుకు ఆగిపోతోంది?"

మీ రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు మొదటిదాంట్లోనే ఉందండీ. దేన్ని కొలుచుకుంటామో దాన్ని బట్టే సాగడమా మానడమా అన్నది తేలుతుంది. మనలో ఎక్కువమంది కొలిచేది బరువొక్కటే. రెండు వారాలు చెమటోడ్చి నడిచినా మిషన్ మీద ముల్లు కదలదు, ఉసూరుమంటూ మానేస్తాం. ఈలోగా కాళ్ళలో బలం రావడం మొదలయ్యే ఉంటుంది, ఆయాసం కాస్త తగ్గే ఉంటుంది. వాటిని చూసుకోం కాబట్టి ఏమీ జరగలేదనుకుంటాం.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, వయసు 49. నాకు పనికొచ్చిన పరీక్షలు, నాకూ నా చుట్టుపక్కల ఆడవాళ్ళకూ ఎదురైన అడ్డంకులు చెబుతాను. అంతకంటే ముందు ఒక మాట. నడిచేటప్పుడు ఛాతీలో బరువుగా, నొప్పిగా అనిపించినా, కళ్ళు తిరిగినా, గుండె జబ్బు ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించుకోండి. ఆ తర్వాతే ఇవన్నీ. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళూ, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్ళూ పరగడుపున గట్టిగా నడిస్తే షుగర్ పడిపోవచ్చు. ఎప్పుడు నడవాలో, ముందు ఏం తినాలో వాళ్ళు అడిగి తెలుసుకోవాలి.

మొదటిది నడుము కొలత. టైలర్ టేపు చాలు. లంగా బొందు కట్టుకునే చోట కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యన టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. మన దేశంవాళ్ళకి ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు, మగవాళ్ళలో 90 దాటితే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువైనట్టు లెక్క.

రెండోది నాకు అన్నిటికంటే నమ్మకమైనది, కుర్చీ పరీక్ష. చేతులు లేని కుర్చీని జారకుండా గోడకి ఆనించి పెట్టండి. ఎత్తు 17 అంగుళాల దాకా ఉండాలి, మామూలు డైనింగ్ కుర్చీ సరిపోతుంది. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని పూర్తిగా లేచి నిలబడాలి, మళ్ళీ పూర్తిగా కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో ఎవరినైనా లెక్కపెట్టమనండి. పెద్దవాళ్ళు పడిపోయే ప్రమాదం ఎంతుందో చూడటానికి డాక్టర్లు వాడే పరీక్షే ఇది. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 సార్లకంటే తక్కువ, మగవాళ్ళు 14 కంటే తక్కువ లేస్తే కాళ్ళ బలం సగటుకంటే తక్కువ ఉన్నట్టు. 44 ఏళ్ళ మీరు ఆ అంకెను తేలిగ్గా దాటాలి.

ఒకరోజు మధ్యాహ్నం మా స్టాఫ్‌రూమ్‌లో సరదాగా అందరం చేసి చూశాం. సన్నగా, చలాకీగా కనిపించే మా సైన్స్ మేడమ్ ఐదోసారికే కుర్చీ అంచు పట్టుకుంది. చేయి ఆనితే ఈ పరీక్షలో లెక్కే లేదు. కాస్త లావుగా ఉండే హిందీ మేడమ్ మాత్రం మాట్లాడుతూనే 17 సార్లు లేచింది. ఆవిడ ఇల్లు లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో మూడో అంతస్తు, కూరగాయల సంచులతో రోజూ ఎక్కి దిగుతుంది. సన్నగా ఉంటే ఫిట్, లావుగా ఉంటే అన్‌ఫిట్ అనే నమ్మకం ఆ రోజుతో నాలో పోయింది. నా సంగతంటారా, 12 కూడా రాలేదు. రోజంతా నిలబడి పాఠాలు చెబుతాను కదా, కాళ్ళకి బలం ఉంటుందని అనుకునేదాన్ని. నిలబడటం వేరు, లేవడం వేరు.

మూడోది ఒంటికాలి మీద నిలబడటం. గోడ పక్కనే నిలబడి, దేన్నీ పట్టుకోకుండా 10 సెకన్లు ఆగగలగాలి. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ళవాళ్ళ మీద చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, 10 సెకన్లు నిలబడలేనివాళ్ళలో ఆ తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. అంతమాత్రాన కాలు తడబడితే ప్రాణం మీదికి వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు. కాళ్ళ మీద దృష్టి పెట్టాలని చెప్పే గుర్తు అది.

నాలుగోది నడక. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి అడుగులు లెక్కపెట్టండి. నిమిషానికి 100 దాకా వస్తే అది ఓ మోస్తరు వ్యాయామం కిందికి వస్తుంది. అలా నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట పాడగలుగుతున్నారంటే నడక చాలడం లేదు, రెండు ముక్కలు మాట్లాడలేకపోతున్నారంటే ఎక్కువైంది. కొన్ని రకాల బీపీ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అవి వాడేవాళ్ళకి నాడి లెక్క సరిగ్గా చెప్పదు, ఈ మాటల పరీక్షే నయం. "ఇంటిపనంతా వ్యాయామమే కదా" అనేవాళ్ళకీ నేను దీన్నే చెబుతాను. గిన్నెలు తోముతూ హాయిగా పాట పాడుకోగలం. అటకలు దులిపినప్పుడు, పిండి రుబ్బినప్పుడు పాడలేం, కాబట్టి అది లెక్కలోకి వస్తుంది.

ఈ నాలుగూ క్యాలెండర్ వెనకాల రాసి పెట్టుకోండి.

ఇక అడ్డంకులు. అందరూ ముందు చెప్పేది టైమ్. అది సాకని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. 2022 లెక్కల్లో మన దేశంలో ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం మంది తగినంత కదలడం లేదని తేలింది. ఆ తేడా బద్ధకం వల్ల వచ్చిందంటే నేను నమ్మను. పొద్దున్న ఐదు నుంచి ఎనిమిది దాకా మన ఇళ్ళలో ఏం జరుగుతుందో చూడండి. కుళాయి నీళ్ళు, పాలు, టిఫిన్, క్యారేజీలు, పిల్లల జడలు. "పొద్దున్నే లేచి పార్కుకి వెళ్ళు" అనే సలహా ఇచ్చేవాళ్ళకి టిఫిన్ ఎవరో చేతికి అందిస్తుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులైనా కండరాలకి పని చెప్పమంటుంది. పాత సూచనల్లో ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలనేవారు. 2020లో ఆ షరతు తీసేశారు. నాకు దారి దొరికింది అక్కడే. కుక్కర్ మూడు కూతలు వేసేలోపు వంటింట్లోనే కుర్చీ మీద నుంచి లేచి కూర్చుంటాను. వినాయకుడి ముందు తీసే గుంజీల్లాంటివే, కుర్చీ ఉంది కాబట్టి మోకాళ్ళకి భయం లేదు. పాలు పొంగేదాకా వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగుతాను. గట్టు మీద చేతులు ఆనించి ఒళ్ళు వాల్చి లేపడం భుజాలకి. సాయంత్రం బస్సు ఒక స్టాప్ ముందే దిగి గబగబా నడిచి ఇల్లు చేరతాను. ఇంట్లో అడుగుపెట్టాక బయటికి రావడం నా వల్ల కాదు, అందుకే నడక ముగిశాకే గుమ్మం ఎక్కుతాను. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద కాసేపు తిరుగుతాను. వీధిలో కుక్కల భయం ఉంది, డాబా మీద ఆ బాధ లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలప్పుడు కూడా రాత్రి తొమ్మిది దాటాక డాబా చల్లబడుతుంది.

నలుగురూ ఏమనుకుంటారో అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చాలామందిని ఆపేది అదే. చీర కింద బూట్లు వేసుకున్నందుకు నన్నూ చూసి నవ్వారు. పక్కింటి వదిన తోడయ్యాక ఆ నవ్వులు పట్టించుకోవడం మానేశాను. తోడు వల్ల ఇంకో మేలుంది. ఆవిడ కింద గేటు దగ్గర నిలబడి ఉందంటే, వెళ్ళనా వద్దా అన్న ఊగిసలాట ఉండదు.

మోకాళ్ళ భయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. "మోకాళ్ళు అరిగిపోతాయి, నడవకు" అని మా అత్తగారు చాలాకాలం కదలకుండా కూర్చున్నారు. కూర్చున్నకొద్దీ తొడల బలం తగ్గింది, బలం తగ్గినకొద్దీ నొప్పి పెరిగింది. ఫిజియోథెరపిస్ట్ చెప్పాక ఎత్తు కుర్చీ మీద, రెండు దిండ్లు వేసుకుని లేవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక దిండు తీసేశారు. మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళకి తొడ కండరాల వ్యాయామం చికిత్సలో ముఖ్యమైన భాగం. కండరాల నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలు వాచినా, మర్నాటికి నొప్పి ఇంకా ఎక్కువైనా ఆ రోజు చేసింది మోతాదు మించిందన్నమాట. సగానికి తగ్గించండి.

ఇక మీ రెండు వారాల సంగతి. మొదటి రోజే గంట నడిచి మూడో రోజుకి కాళ్ళు పట్టేసుకుని ఆగిపోయేవాళ్ళని చాలామందిని చూశాను. మీది కూడా అదే అయితే, "ఇంతేనా" అనిపించేంత తక్కువతో మొదలుపెట్టండి. పెళ్ళిళ్ళు, జ్వరాలు, పిల్లల పరీక్షలు ఎలాగూ వస్తాయి, మధ్యలో తెగుతుంది. మళ్ళీ కూడినప్పుడు ఆపిన చోట నుంచి కాకుండా దాంట్లో సగంతో మొదలుపెడితే ఒళ్ళు ఒప్పుకుంటుంది. నెలకోసారి కుర్చీ పరీక్ష చేసి క్యాలెండర్ మీద అంకె పక్కన అంకె రాసుకోండి. బరువు మిషన్ అప్పటిదాకా మంచం కిందే ఉండనివ్వండి.

ఈ ఆదివారం నాలుగు పరీక్షలూ చేసి, వచ్చిన అంకెలు ఇక్కడ రాయండి. మోకాలి నొప్పి, షుగర్, బీపీ ఏవైనా ఉంటే అదీ చెప్పండి. మీకు రోజులో ఏ పది నిమిషాలు చేతికి దొరుకుతాయో కూడా రాస్తే, ముందు దేనితో మొదలుపెట్టవచ్చో నాకు తోచింది చెబుతాను.