ఫొటో నువ్వే తియ్యమ్మా

శ్రావణీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతులోనే టెన్షన్ తెలిసిపోయింది. “మావయ్యా, అందరూ బొమ్మ చూపించి వెతికేస్తున్నారు, ఇక మన సైట్‌కి ఎవరొస్తారు?” అన్నావు. పదిహేనేళ్లుగా చీరల సైట్ నడుపుతున్నాను కదా, నాకు అనుభవంలో తెలిసింది రాస్తున్నాను.

పెళ్లిలో ఎవరో కట్టుకున్న పోచంపల్లి చీర ఒకావిడకి నచ్చిందనుకో. దాని పేరు తెలియదు. ఇదివరకు “నీలం రంగు డిజైన్ చీర” అని టైప్ చేసి, విసుగొచ్చి వదిలేసేది. ఇప్పుడు ఫొటో తీసి, బొమ్మని బట్టి వెతికిపెట్టే లెన్స్‌లో పెడుతుంది. గూగుల్ లెన్స్ 2017లోనే వచ్చింది. 2024 నుంచి కొన్ని ఫోన్లలో తెర మీద బొమ్మ చుట్టూ వేలితో సున్నా చుడితే చాలు. పేరు తెలియనివాళ్లు కూడా నీ దాకా రాగలరన్నమాట. ఇది మనకి మంచిదే.

చిక్కల్లా, అది చూసేది రూపాన్నే. నూలుకి ముడులు కట్టి, రంగులద్ది, మగ్గం మీద నేసిన ఇక్కత్‌నీ (పోచంపల్లి నేత అదే), అదే డిజైన్ అచ్చేసిన చీరనీ పక్కపక్కనే చూపిస్తుంది, చాలాసార్లు ధరలతో సహా. ఆ వరస చూసి అక్కడి నుంచే వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. లోపలికి వచ్చేవాళ్లు తగ్గినా, వచ్చినవాళ్లు మాత్రం కొనాలనే వస్తారు.

నేను చేసిన పెద్ద తప్పు చెప్తాను. మొదట్లో మాస్టర్ వీవర్, అంటే నేతగాళ్లతో చీరలు నేయించే ఆయన, వాట్సాప్‌లో పంపిన ఫొటోలే పెట్టేవాణ్ణి. అవే ఫొటోలు ఇంకో యాభైమందికీ వెళ్లేవి. ఒకరోజు నా ఫొటోనే వెతికి చూస్తే అన్నీ వేరేవాళ్ల దుకాణాలే, నాది ఎక్కడో అడుగున. ఆ రోజు చాలా బాధపడ్డాను. అందుకే, ఫొటోలు నువ్వే తియ్యి.

చీర మొత్తం ఒకటి, కొంగు ఒకటి. తర్వాత బాగా దగ్గరగా: ఒక రంగు ఇంకో రంగుని తాకేచోట అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది చూడు, అది కనపడాలి. చీర తిరగేసి ఇంకోటి తియ్యి. ఇక్కత్‌కి వెనక కూడా అదే రంగు ఉంటుంది, అచ్చు చీరకి వెనక వెలిసినట్టుంటుంది. కొనేవాళ్లకి ఆ తేడా చెప్పేది నీ పేజీయే.

ఫైల్ పేరు అంకెలతో వదిలెయ్యకు, చీర పేరు పెట్టు. ఆల్ట్ టెక్స్ట్‌లో, అంటే ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పేచోట, రంగు, నేత, ఊరు ఒక వాక్యంలో రాయి. సైట్ చేసే అబ్బాయికి చెప్పు, చీర ఫొటోలని బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టొద్దని. అలా పెట్టినవాటిని గూగుల్ తన బొమ్మల జాబితాలోకి తీసుకోదు. నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో వెతికి మన సైట్‌కి ఎంతమంది వస్తున్నారో చూపించే గూగుల్ పేజీ) ‘ఇమేజ్’ ఎంచుకుని, ఏ చీర ఎక్కువమందిని తెస్తోందో చూసుకో. రోజూ చూస్తూ కూర్చుంటే నిద్ర పట్టదు.

ఆదివారం పొద్దున్నే వస్తాను. ఎండ ముదరకముందే మీ మేడ మీద తీద్దాం. మొదటి నాలుగు చీరలు నేను తీసి చూపిస్తాను, మిగతావి నువ్వు తీద్దువుగాని. ఇస్త్రీ చేయించి ఉంచు.

మీ మావయ్య