‘బాధ కలిగింది’ అన్న మాట తర్వాత ఏం రాయాలి? ప్రీమో లేవీని చదివిన ఒక కెమిస్ట్రీ విద్యార్థిని జవాబు

మీరు అడిగింది ఇది: హోలోకాస్ట్ (రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు యూదులను సామూహికంగా చంపిన ఘోరం) నుంచి బతికి బయటపడిన ఒకరి జ్ఞాపకాల పుస్తకం చదివి వ్యక్తిగత స్పందన రాయమని తరగతిలో చెప్పారు. ‘చదివి చాలా బాధపడ్డాను’ అని రాశాక కలం కదలడం లేదు. ఇలాంటి పుస్తకం చదివిన విద్యార్థులు ఎవరైనా ఉంటే వాళ్లకు ఏమనిపించిందో చెప్పమన్నారు.

నేను చదివాను. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేస్తున్న రోజుల్లో ప్రీమో లేవీ రాసిన ‘ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్’ చేతికి వచ్చింది. రచయిత కెమిస్టు అని వెనక అట్ట మీద చూసి తీసుకున్నాను. దాని గురించి ఇంత కాలం తర్వాత కూడా మాట్లాడకుండా ఉండలేను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

లేవీ ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన యూదుడు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలు యూదులను చదువులకూ ఉద్యోగాలకూ దూరం చేశాయి. అప్పటికే విశ్వవిద్యాలయంలో చేరి ఉన్నందువల్ల ఆయన 1941లో కెమిస్ట్రీ డిగ్రీ అత్యున్నత శ్రేణిలో పూర్తి చేయగలిగారు. పట్టా మీద ‘యూదు జాతి’ అని రాసి మరీ ఇచ్చారు. 1943 డిసెంబరులో పట్టుబడ్డారు. 1944 ఫిబ్రవరిలో సరకుల రైలుపెట్టెల్లో కుక్కి, పోలండ్‌లో నాజీలు నడిపిన నిర్బంధ, హత్యా శిబిరం ఆష్విట్జ్‌కు తరలించిన 650 మందిలో ఆయన ఒకరు. వాళ్లలో 96 మంది పురుషులు, 29 మంది స్త్రీలు మాత్రమే పనికి వస్తారని శిబిరాల్లోకి వెళ్లారు. మిగిలినవారిలో రెండు రోజుల తర్వాత ఒక్కరు కూడా ప్రాణాలతో లేరు.

ఈ సంఖ్యలు చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆయన గొంతు పెంచరు, శపించరు. సాక్షి బోనులో నిలబడి చూసింది చూసినట్టు చెప్పే మనిషిలా రాస్తారు. పాఠకులు ఏమనుకోవాలో చెప్పరు. అందువల్లనే నా వంతు నేనే ఆలోచించుకోవలసి వచ్చింది.

నన్ను ఆపేసిన చోటు పుస్తకం మధ్యలో ఉంది. లేవీని ఉంచిన, ఆష్విట్జ్‌లో భాగమైన మోనోవిట్జ్ శిబిరం ఐ.జి. ఫార్బెన్ అనే రసాయన సంస్థ కట్టిస్తున్న కృత్రిమ రబ్బరు కర్మాగారానికి కూలీలను అందించేది. ఖైదీల్లో కెమిస్టులు ఎవరైనా ఉంటే ప్రయోగశాలకు పనికొస్తారని పరీక్ష పెట్టారు. పరీక్షకుడి పేరు డాక్టర్ పాన్విట్జ్. నెలల తరబడి ఆకలితో, మురికితో, పుండ్లు పడిన చేతులతో లేవీ ఆ శుభ్రమైన గదిలో నిలబడతారు. ఏది ముట్టుకుంటే అక్కడ మరక పడుతుందేమో అన్నట్టు ఉంటుంది ఆయనకు. డిగ్రీ ఎక్కడ చేశావు, ఏ అంశం మీద పరిశోధన చేశావు అన్నవే ప్రశ్నలు. డైఎలక్ట్రిక్ స్థిరాంకాల కొలత గురించి లేవీ జవాబు చెబుతుంటే, పాత పరీక్షల నాటి చురుకుదనం ఒంట్లోకి తిరిగి వస్తుంది. బల్ల మీద గాటర్‌మన్ పాఠ్యపుస్తకం ఉంటుంది. తాను ఇటలీలో చదువుకున్నదీ అదే పుస్తకం.

గాటర్‌మన్! ఇంటర్‌లో గాటర్‌మన్–కోచ్ చర్య బట్టీ పట్టని ఎంపీసీ, బైపీసీ విద్యార్థి మన దగ్గర ఎవరున్నారు? ఆ పేరు చూడగానే పుస్తకం మూసి కాసేపు హాస్టల్ వరండాలో తిరిగాను. అంతవరకు అది ఎక్కడో యూరప్‌లో, ఎప్పుడో జరిగిన ఘోరం. ఆ పేరుతో అది నా చదువుల బల్ల మీదికి వచ్చింది. వైవాలో పరీక్షకుడి ముందు నిలబడి, తెలిసిన ప్రశ్న రాగానే కలిగే సంతోషం నాకు తెలుసు. అదే సంతోషం ఆ గదిలో ఆ మనిషికి కలిగిందన్న సంగతి నాకు గ్యాస్ గదుల వర్ణన కన్నా భయంకరంగా తోచింది. పాన్విట్జ్ అరవడు, కొట్టడు. తన శాస్త్రం బాగా తెలిసినవాడు, అడిగే ప్రశ్నలు సరైనవి. ఎదుట ఉన్నది మనిషి అన్న ఎరుక మాత్రం అతని చూపులో లేదు. ఆ చూపును పూర్తిగా వివరించగలిగితే జర్మనీలో జరిగిన పిచ్చి అంతా వివరించగలిగినట్టే అంటారు లేవీ.

తిరిగి వెళ్తుండగా కాపలాగా తీసుకెళ్లే కాపో (తోటి ఖైదీల మీద పెత్తనానికి నాజీలు పెట్టిన ఖైదీ) అలెక్స్ ఇనుప తాడు పట్టుకుంటాడు. చేతికి నల్లటి గ్రీజు అంటుతుంది. కోపం లేకుండా, వెటకారం కూడా లేకుండా, ఆ చేతిని అటూ ఇటూ లేవీ భుజానికి తుడుచుకుంటాడు. గోడకు తుడుచుకున్నంత మామూలుగా. ఆ ఒక్క పనిని బట్టే తాను అలెక్స్‌నూ పాన్విట్జ్‌నూ తూకం వేస్తానని లేవీ రాశారు. నేను నా నోటుపుస్తకంలో రాసుకున్న మొదటి స్పందన ఈ గ్రీజు చెయ్యి గురించే.

ఆ తర్వాత చదువు మీద నాకున్న నమ్మకాన్నే ప్రశ్నించుకున్నాను. ఆష్విట్జ్‌లో వాడిన జైక్లాన్–బి అసలు పురుగుల మందు. అందులో ఉన్నది హైడ్రోజన్ సయనైడ్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సయనైడ్ పురుగుమందులపై పని జరిగిన చోట్లలో బెర్లిన్‌లో ఫ్రిట్జ్ హేబర్ నడిపిన సంస్థ ఒకటి. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి, ఎరువుల ద్వారా కోట్ల మందికి అన్నం దొరికేలా చేసిన హేబర్ ఆయనే. మన పాఠాల్లో ‘హేబర్ విధానం’ అని చదివేది ఆయన పేరే. ఆయన యూదు కుటుంబంలోనే పుట్టారు. 1933లో జర్మనీ విడిచిపోవలసి వచ్చింది, మరుసటి ఏడాదే చనిపోయారు. ఆయన బంధువుల్లో కొందరు తర్వాత నాజీ శిబిరాల్లో ప్రాణాలు కోల్పోయారు. మా ల్యాబ్‌లో సయనైడ్ సీసా తాళం వేసిన అలమరలో ఉంటుంది. మనిషికి ఎంత మోతాదు ప్రమాదకరమో మాకు నేర్పారు. ఆ మోతాదును లెక్కగట్టి, సరకుగా పంపి, డబ్బు వసూలు చేసుకున్నవాళ్లు కూడా నాలాంటి చదువే చదివారన్నది ఎవరూ నేర్పలేదు. నేర్పాలి. సేఫ్టీ నియమాలు చెప్పే మొదటి తరగతిలోనే నేర్పాలని నా అభిప్రాయం.

మా గదిలో స్నేహితురాలికి కొన్ని పేజీలు చదివి వినిపిస్తే, “అంతమంది ఉండి ఎందుకు తిరగబడలేదు?” అంది. అందరికీ వచ్చే ప్రశ్నే. లేవీ బడుల్లో మాట్లాడినప్పుడు పిల్లలు పదే పదే అడిగింది కూడా ఇదే. 1986లో వచ్చిన మరో పుస్తకంలో ఆయన ఒక బాలుడి గురించి రాశారు. శిబిరం పటం గీయించుకుని, రాత్రి కాపలావాణ్ని చంపి, వాడి దుస్తులు వేసుకుని, విద్యుత్తు ఆపేసి ఎలా పారిపోవాలో ఆ బాలుడు ఆయనకు వివరించాడట. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే తను చెప్పినట్టు చేయమన్నాడట. ఆ పిల్లవాడి మీద నాకు ఎంతో ప్రేమ కలిగింది. ఆ పెద్దాయనను ఎలాగైనా కాపాడాలనే కదా వాడి తాపత్రయం! అయితే తిరుగుబాట్లు జరిగాయి. 1943లో నాజీల హత్యా శిబిరాలైన ట్రెబ్లింకాలో, సోబిబోర్‌లో, 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌లోనే భాగమైన బిర్కెనావులో. బిర్కెనావు తిరుగుబాటుతో సంబంధం ఉన్న ఒక వ్యక్తిని తమ అందరి ముందు ఉరి తీసిన రోజు గురించి లేవీ రాశారు. ఆ మనిషి చివరిగా కేక వేసినా, నిలబడి ఉన్న వేలమందిలో ఒక్కరూ మారు పలకలేదు. ఆ రాత్రి తమను ముంచెత్తిన సిగ్గును ఆయన దాచుకోలేదు. చంపినవాళ్లకు లేని సిగ్గు చావు అంచున ఉన్నవాళ్లకు కలగడం! ఈ అధ్యాయం విన్నాక నా స్నేహితురాలు ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. నేను చదువుతుంటే పక్కన కూర్చుని చివరి దాకా వింది.

మంచితనం గురించిన పేజీలు తక్కువ, కానీ అవి లేకుండా మీ స్పందన పూర్తి కాదు. తరలింపుకు ముందు రాత్రి ఇటలీలోని ఫొస్సోలి శిబిరంలో తల్లులు పిల్లలకు స్నానాలు చేయించి, ప్రయాణానికి తిండి సర్ది, బట్టలు ఉతికి ముళ్ల తీగల మీద ఆరేశారు. మా అమ్మా అదే చేస్తుంది, నాకు సందేహం లేదు. తర్వాత లోరెంజో. ఆయన తాపీపని చేసే ఇటాలియన్, ఖైదీ కాదు. ఆరు నెలల పాటు రోజూ రొట్టె ముక్క, తన తిండిలో మిగిలింది లేవీకి తెచ్చి ఇచ్చారు. ప్రతిఫలం పుచ్చుకోలేదు. తాను బతికి ఉండడానికి కారణం ఆ రొట్టె కన్నా కూడా, బయట ఇంకా న్యాయమైన లోకం ఉందని ఆ మనిషి తన ఉనికితో గుర్తు చేయడమే అంటారు లేవీ. తన కూతురి పేరులోనూ కొడుకు పేరులోనూ ఆ పేరు కలిపారు. పెద్ద చదువుల పాన్విట్జ్‌కు కనిపించని మనిషి తాపీమేస్త్రీకి కనిపించాడు. విద్యార్థిగా నాకు ఇది మింగుడు పడడానికి చాలా సమయం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు.

ఇక మీ వ్యాసం సంగతి. ‘బాధ’ అన్న మాట కొట్టేయనక్కరలేదు, అది నిజమే. దాని కింద మీరు ఏ పేజీలో ఆగిపోయారో రాయండి. అది అందరూ చెప్పుకునే ఘట్టం కాకపోయినా ఫరవాలేదు. ఆ చోట మీ ఇంటి విషయమో, మీ చదువో, మీరు తినే తిండో ఏది గుర్తొచ్చిందో దాచుకోకుండా రాయండి. వెంటనే మన దగ్గరి అన్యాయాలతో పోలిక పెట్టి రెండు పేజీలు నింపమని కొందరు సలహా ఇస్తారు. పోలిక తప్పని నేను అనను, కానీ అంత తొందరగా ట్యూరిన్ మనిషిని వదిలేసి మన మాటల్లోకి వచ్చేస్తే, ఆయన చెప్పింది వినడం అక్కడితో ఆగిపోతుంది. ముందు ఆయన పేరు, ఊరు, ఆయన చూసినవి పక్కాగా కాగితం మీద పెట్టండి.

మీరు చదువుతున్న పుస్తకం ఏదో రాయలేదు. లేవీదే అయితే, 1976లో ఆయన పాఠశాల ప్రతికి చేర్చిన అనుబంధం చాలా ముద్రణల చివర ఉంటుంది. జర్మన్లను ద్వేషిస్తారా, వాళ్లకు ఇదంతా తెలియదా, ఎవరూ పారిపోలేదా అని విద్యార్థులు అడిగిన ప్రశ్నలకు జవాబులవి. వ్యాసం రాయడానికి కూర్చునే ముందు అది చదవండి. మీరు ఆగిపోయిన చోటు ఏదో ఇక్కడ రాస్తే, నేను చదువుతాను.